పేదవిద్యార్థులు – కళాశాలాప్రవేశ సన్నాహము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ యేటి సభలో విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. చిరకాలము పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించినవారము గనుక విద్యామహిమను వర్ణింతుమని వారు తలచియుందురు. ఆ వర్ణనము ఈ వేదికపై ఏటేట జరుగుచునే యున్నది. మేము నేడు మా తప్పొకటి చెప్పుకొన వచ్చితిమి.

వెబ్ కౌన్సెలింగు వచ్చిన క్రొత్తలో మన నేతవారి పిల్లవాడొకడు, మా శిష్యుడు, ఇంటర్మీడియెటు ముగించి ఎంసెటులో నొక మాదిరి ర్యాంకు తెచ్చుకొనెను. మిఠాయి పొట్లముతో మా యింటికి వచ్చెను. మేము సంతసించి, శ్లోకము చదివి, అక్షతలు వేసి పంపితిమి. ఎన్ని కళాశాలలకు ఆప్షన్లు పెట్టితివని మాత్రము అడుగలేదు. వాడు రెండే పెట్టెను. ఎన్నియైనను పెట్టవచ్చునని వానికి తెలియదు. మగ్గమున కూర్చున్న తండ్రికి తెలియదు. నిజము చెప్పవలెనన్న మాకును తెలియదు. ఆ రెంటను సీటు రాలేదు. రెండవ విడత యున్నదను వార్త చెవినబడక మునుపే వాడు మేనమామ వెంట సూరతునకు మరమగ్గముల పనికి పోయెను. అదే యేట, వానికంటె వెనుక ర్యాంకు గల యొక గుమాస్తాగారి కుమారుడు పుట వెంబడి పుట కళాశాలల పేర్లు నింపి సీటు సంపాదించెను.

ఆ యిద్దరికిని గల భేదము బుద్ధిలోనిది కాదు. చదువుకొన్న యింట అన్నము తినుచు చెప్పుకొను మాటలలోనే ఏ చదువునకు ఏ పరీక్ష, ఏ పత్రము ఏ నెలలో తేవలెను అనునవి పిల్లలకు పట్టుబడును. ఆ మాటలు లేని యింటికి వానిని బయటినుండి తెచ్చి యిచ్చుటయే కళాశాలాసన్నాహము. పాఠములు అందులో సగమే.

ఇది క్రొత్త యూహ కాదు. 1918లో హైదరాబాదున రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసినది. ఊరినుండి వచ్చిన పిల్లవానికి పట్నమున నీడ దొరికినగాని చదువు సాగదని ఆనాటి పెద్దలెఱిగిరి. 1971లో, పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు, సర్వేలులో గురుకులపాఠశాల ప్రారంభమయ్యెను. తరువాత గురుకులములు పెక్కు వెలసినవి; వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేర నేడు ప్రత్యేకముగ కలవు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నెలకొల్పినవారు మఱియొక మెట్టు ముందుకు వేసిరి. పదవతరగతి కాగానే గ్రామబాలురను బాలికలను చేర్చుకొని, రెండేండ్లు విశ్వవిద్యాలయపు గోడలలోనే తీర్చిదిద్ది, మఱి నాలుగేండ్లు ఇంజనీరింగు చెప్పు పద్ధతి యది. నడుమ మఱియొక ప్రవేశపరీక్ష లేదు. పిల్లవాడు జాఱిపడు సందును పూడ్చివేసిరన్నమాట. వసతి లేని ప్రభుత్వపాఠశాలలో చదివినవారికి గ్రేడు సగటుపై 0.4 కలుపు నియమమును ఏర్పఱచిరి. సరస్వతీక్షేత్రమైన బాసరలో ఆ విద్యాలయ శాఖ యుండుట మాకెంతో ముచ్చటగ తోచును. ఐ.ఐ.టీ.లలో సైతము, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకై కేటాయించిన సీట్లు మిగిలినపుడు, కొలది మార్కులలో తప్పినవారికి ఒక సంవత్సరపు ప్రిపరేటరీ కోర్సు కలదు. అందులో నెగ్గినవారు తిరిగి ప్రవేశపరీక్ష వ్రాయనక్కఱలేదు.

ఇక మన సంఘమేమి చేయుచున్నది? పదవతరగతిలోను ఇంటరులోను మొదట నిలిచిన పిల్లలకు శాలువ, జ్ఞాపిక, నగదు బహుమతి. తప్పు కాదు, మేమును చప్పట్లు కొట్టినవారమే. కాని ఆ పిల్లలను ఇంటికి వచ్చి పిలుచుకొనిపోవు ప్రైవేటు కళాశాలలు గలవు. ఫీజు విడిచి, ఫొటో పత్రికలో వేయించుకొనును. మన శాలువ లేకున్నను వారు చదువుదురు.

అమెరికాలోనున్న మన బంధువులు కొందఱు ధనము పంపుచు, అది మొదటి ర్యాంకులవారికే యిండని వ్రాయుచున్నారు గనుక, వారి దేశపు సంగతి యొకటి మనవి చేయుదుము. అక్కడ 1965 ప్రాంతమున ‘అప్‌వర్డ్ బౌండ్’ అను కార్యక్రమము ప్రభుత్వమువారు ప్రారంభించిరి. ఉన్నతపాఠశాల విద్యార్థులకు గణితము, ప్రయోగశాస్త్రము, రచన, సాహిత్యము, పరభాష చెప్పుదురు. వేసవిలో కొన్ని వారములు కళాశాలలోనే తరగతులు నడపుదురు. చేర్చుకొనువారిలో మూడింట రెండువంతులు పేదలును, తల్లిదండ్రులిరువురికిని పట్టము లేనివారును అయి యుండవలెనని నియమము. ప్రవేశము కోరినవారిని చీట్లు వేసినట్లు రెండు పక్షములుగ విడదీసి, ఫలితమును కొన్నేండ్లు గమనించిరి. మొత్తముమీద కళాశాలలో చేరినవారి సంఖ్యలో చెప్పుకొనదగిన తేడా కనబడలేదు. కాని మొదటినుండి పైచదువుపై ఆశ పెట్టుకొననివారిలో తేడా మిక్కుటముగ నుండెను. ఆ లెక్కలపై పండితులలో వాదములు నడచినవి. ఐనను మా శిష్యుని తలచుకొన్నప్పుడెల్ల ఆ రెండవ ఫలితము మాకు సత్యముగనే తోచును. పోగలవానిని పంపుట గొప్పకాదు. పోవచ్చునని తలపనైన తలపనివానిని పంపవలెను.

కావున మేము కోరునదిది. మన వసతిగృహమున తొమ్మిదవతరగతినుండి ముప్పదిమంది పిల్లలను తీసికొందము; మార్కుల పట్టికలో మొదటివారిని కాదు, నడిమివారిని. ఆడపిల్లలు సగమునకు తగ్గరాదు. పెండ్లిమాట వచ్చునది పదవతరగతి కాగానే గదా. సాయంకాలము ఆంగ్లము, గణితము. ఏడాదికొకసారి ఏదేని విశ్వవిద్యాలయమునకు గొనిపోయి, అక్కడ చదువుచున్న మన పిల్లలచేతనే అంతయు చూపింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఒక్కొక్క పిల్లకు ఒక పెద్ద. దరఖాస్తు గడువు, ఆదాయపత్రము, కులపత్రము, ఆప్షన్ల వరుస, సీటు వచ్చినపిదప చేరవలసిన తేదీ, అన్నియు ఆ పెద్ద పూచీ. కేంద్రసంస్థలకు ఓబీసీ నాన్ క్రీమీలేయరు పత్రము పాతది చెల్లదు, ఐ.ఐ.టీ. ప్రవేశమునకు ఆ యేటి ఏప్రిల్ 1 తరువాత తీసికొన్నదే కావలెను. ఈ యొక్క మాట తెలియక చిక్కులబడిన యిండ్లు మన వీధులలో నున్నవి. దీనికి భవనము కట్టనక్కఱలేదు, శిలాఫలకము నక్కఱలేదు. బహుశః అందుచేతనే ఇంతవఱకు ఎవరికిని తోచలేదేమో.

అర్హులకు కాక అనర్హులకు వ్యయము చేయుదమా యని ఒక పెద్దలు నిన్న మమ్మడిగిరి. మిఠాయి తెచ్చిన నాడు మా శిష్యుడు అర్హుడే. పదునైదు దినములలో అనర్హుడయ్యెను. ఆ పదునైదు దినములు వాని ప్రక్క నెవరును లేరు.

రేపటి తీర్మానములలో దీనిని చేర్ప ప్రార్థన. పెద్దల పేర్లు వ్రాసికొనుటకు కాగితమొకటి భోజనశాల ద్వారమున ఉంచితిమి. మొదటి పేరు మాది.