కార్డు ఉంటేనే సరుకు – మన ఇంటికి గిట్టుబాటేనా?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఎన్నుకున్న విషయం విని కొందరు మిత్రులు నవ్వారు. "సభలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడతారు గాని, ఉప్పూ పప్పూ గురించి ఏమిటండీ?" అన్నారు. చదువైనా ఉద్యోగమైనా చివరికి వచ్చి ఆగేది వంటింటి డబ్బాల దగ్గరే గదా! 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, హఫీజ్‌పేట ప్రాంతాల ముఖమే మారిపోయింది. అయితే ఇక్కడ కాపురముండేవారందరూ కంప్యూటర్ ఉద్యోగులు కారు. ఆ మేడలకు కాపలా కాసేవారు, క్యాబులు తోలేవారు, టిఫిన్ బండ్లు పెట్టుకున్నవారు కూడా ఉన్నారు. అద్దె, బడి ఫీజు కట్టాక మిగిలినదే వారి నెల బడ్జెట్టు. అందుచేత "ఫలానా పెద్ద హోల్‌సేల్ కొట్టులో కార్డుంటే అంతా చవకే" అన్న మాట చెవిన పడగానే ఆశ పుట్టడం సహజం. ఆ ఆశలో నిజమెంతో చూద్దాము.

ఈ కార్డు పద్ధతి అమెరికాది. 1976లో శాన్ డియేగోలో సోల్ ప్రైస్ అనే వ్యాపారి ప్రైస్ క్లబ్ అనే కొట్టు తెరిచాడు. మొదట అది చిన్న వ్యాపారస్తుల కోసమే. 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో వచ్చింది, 1993లో రెండూ కలిసిపోయాయి. డల్లాస్‌లోనో చికాగోలోనో బంధువులున్నవారు ఈ పేరు వినే ఉంటారు. అక్కడ కార్డుకు డబ్బు కట్టాలి. 2024 సెప్టెంబరు నుండి మామూలు కార్డు ఏడాదికి 65 డాలర్లు, పెద్ద కార్డు 130 డాలర్లు. పెద్ద కార్డువారికి కొనుగోళ్ళలో చాలావాటిపై 2 శాతం తిరిగి ఇస్తారు. అంటే అదనంగా కట్టిన 65 డాలర్లు రాబట్టుకోవాలంటే ఏడాదికి 3,250 డాలర్ల సరుకు కొనాలి. కారు, గ్యారేజి, మనిషి పట్టేంత ఫ్రీజరు ఉన్న ఇంటికి అది కుదురుతుందేమో! ఆ కంపెనీ హైదరాబాద్‌లో సాంకేతిక కేంద్రం పెడుతున్నదని 2025లో పత్రికల్లో చదివాము. మన పిల్లలకు అందులో ఉద్యోగాలు రావచ్చు. అంతేగాని కాస్ట్‌కో కొట్టు మాత్రం మన దేశంలో లేదు సుమా.

మన దగ్గర కథ వేరు. హోల్‌సేల్ వ్యాపారంలో విదేశీ కంపెనీలు నూటికి నూరు శాతం పెట్టుబడి పెట్టవచ్చునని 1997లోనే అనుమతి వచ్చింది. చిల్లర అమ్మకాలకు ఆ స్వేచ్ఛ లేదు. జర్మనీ కంపెనీ మెట్రో 2003లో బెంగళూరులో దుకాణం తెరిచి, తరువాత మన కూకట్‌పల్లికీ వచ్చింది. (మెట్రో అంటే రైలనుకుని స్టేషనులో వెతికినవారున్నారట!) వాల్‌మార్ట్‌వారి బెస్ట్ ప్రైస్ 2009లో అమృత్‌సర్‌లో మొదలై మన ఊరి శివార్లకూ చేరింది. విదేశీ హోల్‌సేల్ కంపెనీలు ఇంటివాడికి నేరుగా అమ్మరాదు. కాబట్టి అటువంటి కొట్ల కార్డు డబ్బు పెట్టి కొనేది కాదు, వ్యాపారం చేస్తున్నట్లు కాగితం చూపి తెచ్చుకునేది. 2020లో బెస్ట్ ప్రైస్ ఫ్లిప్‌కార్ట్ చేతికి, 2023లో మెట్రో మన రిలయన్స్ చేతికి వెళ్ళాయి. గుమ్మం దగ్గరి పేర్లు మారినా, అవి ఎవరి కోసం కట్టిన కొట్లో లోపలి అరలు చూస్తేనే తెలుస్తుంది. నూనె డబ్బాలు, పప్పు బస్తాలు, డజను సబ్బుల కట్టలు. తీసుకునేకొద్దీ ఒక్కొక్క దాని ధర తగ్గుతుంది.

మరి నలుగురున్న కుటుంబానికి లాభమా? ఒక లెక్క వేసుకుందాము. పదిహేను లీటర్ల నూనె డబ్బా మీద లీటరుకు పది రూపాయలు తగ్గిందనుకోండి. మిగులు నూట యాభై. కొండాపూర్ నుండి కూకట్‌పల్లికి వెళ్ళి, డబ్బా వేసుకుని ఆటోలో తిరిగి వస్తే అందులో ఏమైనా నిలుస్తుందా? నెలకు ఐదు లీటర్లు వాడే ఇంట్లో ఆ డబ్బా మూడు నెలలుంటుంది, మూత తీసిన నూనె అడుగుకు వచ్చేసరికి వాసన మారుతుంది. రవ్వ, శనగపిండి సంగతి ఆడవారికి చెప్పనక్కరలేదు, వానాకాలంలో నెల తిరగకుండానే పురుగు. రెండు గదుల ఇంట్లో బస్తా పెట్టే చోటు కూడా అద్దె కట్టిన చోటే. పైగా వెళ్ళినవాడు నూనెతో ఊరుకుంటాడా? చవకగా ఉందని బిస్కెట్ల పెట్టె, పిల్లలడిగారని మరొకటి! అక్కరలేనిది సగం ధరకు కొన్నా అది దుబారాయే. ఉద్యోగస్తుల చిన్న కుటుంబానికి ఈ కొట్టు గిట్టదని మా అభిప్రాయం. నాలుగైదు ఇళ్ళవారు కలిసి, ఒకే బండిలో తెచ్చి, అదే రోజు పంచుకుంటే తప్ప.

గిట్టేది ఎవరికి? రోజూ వండి అమ్మేవారికి. మెస్ నడిపే అన్నకు నూనె డబ్బా మూడు నెలలు కాదు, మూడు రోజులు కూడా నిలవదు. ఇంట్లో బిర్యానీ వండి ఆఫీసులకు పంపే ఆపాకు, టీ బండి భాయీకి, చిన్న కిరాణా కొట్టుకు కిలో మీద ఐదు రూపాయలు తగ్గినా నెల తిరిగేసరికి బడి ఫీజు అవుతుంది. విచిత్రమేమంటే వీరిలో చాలామందికి కార్డు లేదు, కాగితాలంటే భయం. విదేశీ పెట్టుబడి గురించి 2010లో వెలువడిన కేంద్ర నిబంధనల్లో పన్ను రిజిస్ట్రేషన్ ఉన్నవారితో పాటు, దుకాణం లైసెన్సు ఉన్నవారిని, స్థానిక అధికారుల అనుమతి పత్రంతో అమ్ముకునే చిల్లర వర్తకులను కూడా హోల్‌సేల్ కొనుగోలుదారుల్లో చేర్చారు. ఆ పత్రం సంపాదించడానికి తోడు వెళ్ళే మనిషి కావాలి. మన యువకులు ఆదివారం ఒక గంట ఆ పనికి ఇవ్వలేరా?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఫలానా భాయీ కార్డు ఉంది, దాని మీద తెచ్చుకుందాం" అనే అలవాటు ఒకటి ఉంది. బిల్లు అతని జీఎస్టీ నంబరు మీద పడుతుంది. ఆ సరుకు అతని కొనుగోళ్ళ లెక్కలో కనబడుతుంది. రేపు అధికారి "కొన్నది ఇంత, అమ్మినది ఏదీ?" అంటే జవాబు చెప్పేది అతడే. నూటికో కోటికో మిగిలే ఇరవై రూపాయలకు మరొకరి మెడకు చిక్కు తగిలించడం న్యాయం కాదు. కార్డు అతని పేర ఉన్న అమానత్.

ఇక సంఘం సంగతి. అవే 2010 నిబంధనల్లో రిజిస్టరైన సొసైటీలు, ట్రస్టులు తమ సొంత వాడకానికి హోల్‌సేల్‌గా కొనవచ్చునని ఉంది. సంఘం పేరుతో జరిగే ఇఫ్తార్ వంటకు, విద్యార్థుల మెస్సుకు ఇది పనికివస్తుంది. రంజాన్‌లో పంచే రేషన్ విషయంలో మాత్రం కళ్ళు మూసుకుని ఏ ఒక్క కొట్టుకో పరుగెత్తవద్దు. బేగంబజారు, ఉస్మాన్‌గంజ్, మలక్‌పేట గంజ్ ఎక్కడికీ పోలేదు. అక్కడ కార్డు అడగరు, బేరం ఆడనిస్తారు. ఇంకొక చిన్న కిటుకు. 2022 జూలై నుండి 25 కిలోల వరకు ప్యాకు చేసి లేబులు వేసిన బియ్యం, పప్పు, పిండిపై 5 శాతం జీఎస్టీ పడుతున్నది. అంతకు మించిన బస్తాకు లేదు. బజారులో 26 కిలోల బియ్యం బస్తాలు ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమైంది గదా! ఐదేసి కిలోల రంగుల ప్యాకెట్లు రెండు వందలు కొనే బదులు, బస్తాలు తెచ్చి మన పిల్లలే తూచి సంచుల్లో పోస్తే, ఆ పన్ను డబ్బుతో మరికొన్ని ఇళ్ళకు సరుకు చేరుతుంది.

గల్లీ చివరి కిరాణా చాచాను మరువరాదు. అతని దగ్గర పప్పు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువే, కాదనము. కాని 2020 లాక్‌డౌన్‌లో క్యాబులు ఆగిపోయి జీతం లేని ఇళ్ళకు ఖాతా పుస్తకంలో రాసుకుని సరుకిచ్చినవి ఇటువంటి కొట్లే. పెద్ద కొట్టులో నగదు లేనిదే బస్తా కదలదు. జీతం వచ్చిన వారంలో హోల్‌సేల్‌కు, చేతిలో చిల్లిగవ్వ లేని వారంలో చాచా దగ్గరకు అంటే ఆయన కొట్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కార్యవర్గం ముందు ఒక కోరిక పెడుతున్నాము. వచ్చే రంజాన్‌కు రెండు నెలల ముందే హోల్‌సేల్ కొట్టు, గంజ్, మన పేట కిరాణా ఈ మూడు చోట్ల నుండి ఒకే సరుకుల చీటీకి, పన్నూ బండి కిరాయీ కలిపి, ధరలు రాయించి తెప్పించండి. ఆ మూడు చీటీలు నోటీసు బోర్డు మీద అంటిస్తే, ఎక్కడ కొనాలో సభ్యులే చూసి చెబుతారు.