ఆ 1,104 మంది లెక్క

ఇవాళ బాన్సువాడలో నర్సింగ్ పట్టా అందుకుంటున్న పిల్లలూ, మీకు అభినందనలు. సర్జన్‌గా నేను ఎన్నోసార్లు తిరగేసిన ఒక పరిశోధన పత్రం గురించి మీతో మాట్లాడాలని వచ్చాను.

పెద్దపేగు క్యాన్సర్ పాకితే ఎక్కువగా చేరేది కాలేయానికి. పేగుల రక్తం పోర్టల్ సిర గుండా ముందు అక్కడికే పోతుంది, నిజాంసాగర్ కాలువ నీళ్ళు తూము పక్క మడికి ముందు అందినట్టు. కాలేయంలో గడ్డలు ఎక్కువగా కనిపిస్తే ఒకప్పుడు సర్జన్లు చేతులెత్తేసేవారు. ప్యారిస్ దగ్గర పాల్ బ్రూస్ ఆసుపత్రిలో రెనే ఆడమ్, ఆయన సహచరులు అలా వదిలేయలేదు. ముందు కీమోతో గడ్డలను కుదించి, వీలు చిక్కినవాళ్ళకు ఆపరేషన్ చేశారు. పదకొండేళ్ళ అనుభవాన్ని 2004లో ‘ఆనల్స్ ఆఫ్ సర్జరీ’లో ప్రచురించారు.

మొత్తం 1,439 మంది రోగులు. వాళ్ళలో 1,104 మందికి మొదట ఆపరేషన్ కుదరదన్నారు. కీమో తర్వాత 138 మందికి కుదిరింది. ఆ 138 మందిలో అయిదేళ్ళ మనుగడ 33 శాతం, పదేళ్ళ మనుగడ 23 శాతం.

ఆ పత్రంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే అంకె 1,104. గెలిచిన 138 మంది గురించే రాసుకున్నా పేరు వచ్చేది. ఆపరేషన్ బల్ల దాకా రాలేకపోయిన 966 మందినీ వాళ్ళు లెక్కలోనే ఉంచారు. అందుకే ఇవాళ నా ఎదుట కూర్చున్న రోగికి ఆశ ఎంత ఉందో అంతే చెప్పగలుగుతున్నాను.

ఆ కీమోలో మన మనిషి శ్రమ కూడా ఉంది. 5-ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందు గట్టిగా పనిచేయాలని దానితో పాటు ల్యూకోవోరిన్ ఎక్కిస్తాం. అది ఫోలిక్ ఆమ్లం కుటుంబానిదే. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకున్న స్ప్రూ కూడా పేగుల జబ్బే. 1948లోనే ఆయన కన్నుమూశారు.

ఆడమ్ బృందం 2024లో లాన్సెట్‌లో ఇంకో అడుగు వేసింది. ఆపరేషన్ కుదరని 94 మందిలో కీమోతో పాటు కాలేయ మార్పిడికి ఎంపికైనవాళ్ళ అయిదేళ్ళ మనుగడ సుమారు 57 శాతం, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ళది 13 శాతం. ఎంతో వడపోసి ఎంచుకున్న రోగులు వాళ్ళు. అవయవాలు దొరకడమే కష్టమైన మన దగ్గర దీని పేరు చెప్పి తొందరపడి ఎవరికీ ఆశ పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇక మీ పని, జబ్బు కాలేయం దాకా పాకకముందే పట్టుకోవడం. మన దగ్గర మలంలో రక్తం పడుతోందంటే ‘మొలలేలే, కారం తగ్గించు’ అంటారు. నెలలు గడిచిపోతాయి. ఒక రైతు ఆయాసమని వస్తాడు. వయసు యాభై అయిదు, హిమోగ్లోబిన్ ఏడు. ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ రక్తమంతా ఎటు పోయిందని ఎవరూ అడగరు. కుడివైపు పెద్దపేగులో గడ్డ ఉంటే రక్తం కంటికి కనపడకుండానే కారిపోతుంది. మీరు అడగండి. “ఎన్నాళ్ళ నుంచి పెద్దాయనా? మలంలో కలిసి వస్తోందా, మీద చారలా ఉంటోందా? బరువు తగ్గినవా? ఇంట్లో ఎవరికన్నా ఈ జబ్బు ఉండెనా?” ఆడవాళ్ళయితే మాతో చెప్పడానికి సిగ్గుపడతారు, మీతో చెబుతారు. జవాబును తేదీ వేసి కేస్‌షీట్‌లో రాయండి, డాక్టరుకు చూపించండి. కొలనోస్కోపీకి దారి అక్కడే మొదలవుతుంది.

హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చినవాళ్ళ సంగతీ చూడండి. జబ్బు తిరగబెట్టిందేమో చూసేందుకు మూడు నెలలకోసారి చేయించాల్సిన సీఈఏ రక్తపరీక్షను బస్సు చార్జీలకూ, పోయే కూలికీ భయపడి మానేస్తారు. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. కాలేయంలో ఒకటి రెండు గడ్డలుగా ఉన్నప్పుడే పట్టుకుంటే చాలామందికి మళ్ళీ ఆపరేషన్ చేసే వీలుంటుంది. వాళ్ళకు ఫోన్ చేయండి. రాలేకపోతే ఎందుకు రాలేదో ఒక రిజిస్టర్లో రాయండి. చనిపోయారని తెలిస్తే అదీ తేదీతో రాయండి. మీ డాక్టర్ల అనుమతితో ఆ రిజిస్టర్ ఆపరేషన్ చేసిన మాకు అందేలా చూడండి. బాన్సువాడ నుంచి వచ్చినవాళ్ళలో ఎందరు బతికారో, ఎందరు ఎందుకు దక్కలేదో లెక్క తేల్చే బాధ్యత మాది.