తుపాకి తలుపు సందు



వేరుసెనగ చేలను అడవిపందులు కుళ్ళగించు మన అనంతపురము మెట్టసీమలో లైసెన్సు తుపాకి వింతవస్తువు కాదు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము పంటకాపు నిమిత్తము ముందునుండి మందు కూరు తుపాకికి చోటిచ్చినది. నేను చెప్పబోవు చిక్కు దానికి లేదు. దాని గొట్టము వెనుక ఎల్లప్పుడు మూసియే యుండును. చిక్కంతయు తూటాను వెనుకనుండి పెట్టు తుపాకిదే.

తూటా పెట్టిన పిమ్మట వెనుక తలుపొకటి మూయవలెను. రైఫిలులో ఆ తలుపునకు బోల్టని పేరు. తూటాను ముందునకు జారనీయక ఆపు చోటు మొదలు మూసిన బోల్టు ముఖమువరకు గల దూరమును ఇంగ్లీషువారు హెడ్‌స్పేస్ అందురు. బండిచక్రమునకును కడచీలకును నడుమ విడుచు సందు వంటిదే యిది. బిగిసిన చక్రము తిరుగదు, వదులైనది అల్లాడును. బండి అల్లాడిన ఇరుసు అరుగును. ఇచ్చట కన్ను పోవును.

ఎట్లనగా, మందు మండిన క్షణమున ఇత్తడి తూటా ఉబ్బి గొట్టపు గోడలను పట్టుకొనును. మందమైన అడుగుభాగము మాత్రము గోడను పట్టక వెనుకకు జరిగి బోల్టును తాకును. సందు మితిమీరినచో ముందుభాగము కదలదు, వెనుకభాగము సాగును. అడుగునకు కొంచెము ముందుగా ఇత్తడి తెగును. మండుచున్న వాయువు కాల్చువాని మొగమువైపునకే వెలువడును.

బెంగాలులో కలకత్తా దాపున నున్న ఇషాపూరు కర్మాగారమున 20వ శతాబ్దపు మొదటి దశకము నుండి 303 రైఫిళ్ళు తయారైనవి. మన పోలీసు ఠాణాలలో తరతరములవారు చూచిన త్రీనాట్‌త్రీ యిదియే. దాని తూటా అడుగున అంచు గలదు. ఆ అంచే గొట్టపు వెనుక మొగమున ఆనును. కావున కొలువవలసినది అంచు ఇముడు చోటు మాత్రమే. అంగుళమును వేయి భాగములు చేసినచో, సైనికుల లెక్కలో అది 64 భాగములకు తగ్గరాదు, 74 భాగములకు చేరరాదు. నడుమనున్న 10 భాగములు మన వ్రాతకాగితములు రెండుమూడు కలిపిన మందము!

ఇంత సన్నని తేడాను కన్ను పట్టలేదు. అందుకై గేజీలను ఉక్కు బిళ్ళలు రెండు చేయుదురు. 64 బిళ్ళ పెట్టినప్పుడు బోల్టు మూతపడవలెను. 74 బిళ్ళ పెట్టినప్పుడు మూతపడరాదు. కాయలను జల్లెడ పట్టి ఏరు మనవారికి ఈ యుక్తి క్రొత్త కాదు. పరీక్షించువాడు బోల్టును వ్రేలితో మెల్లగా త్రిప్పునే గాని బలము చూపడు. బలవంతపెట్టిన ఉక్కు కూడ అబద్ధమాడును.

గొట్టమును మరతో చట్రమున బిగించి, బోల్టు చెవులు రెండును సమముగా ఆనునట్లు సరిచేసిన తరువాత ఈ పరీక్ష జరుగును. సందు ఎక్కువైనచో గొట్టము జోలికి పోనక్కరలేదు. బోల్టు కొననుండు చిన్న తలను మార్చుదురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లాండులో చేసిన 4వ నెంబరు రైఫిలుకు 0 మొదలు 3 వరకు అంకెలు వేసిన తలలుండెను. ఒకదానికంటె నొకటి వెంట్రుకవాసి పొడవు. ఇషాపూరు చేసిన పాతరకమునకు ఆ సదుపాయము లేదు. తలలను ఏరి, కొలిచి, కుదుర్పవలసినదే. 1960 తరువాతి దశకమున అచ్చటనే 7.62 మిల్లీమీటర్ల రైఫిలు వచ్చినది. ఆ తూటాకు పొడుచుకొని వచ్చిన అంచు లేదు. దాని భుజమే గొట్టమున ఆనును, కొలతయు భుజము నుండియే.

కుదిరిన బోల్టుపై ఆ తుపాకి సంఖ్యనే చెక్కుదురు. తుడుచుటకై పది తుపాకుల బోల్టులను గోనెపై పరచి, చేతికందినది అందినట్లు తొడిగినను చూచుటకు అన్నియు చక్కగా మూతపడవచ్చును. తప్పు మూతలో కనబడదు, ప్రేలినప్పుడు కనబడును.

మన యూళ్ళలో నుండు 12 బోరు తుపాకికి బోల్టు లేదు. కీలుపై మడచి మూయుదురు. ఆ తూటాకును అంచే ఆధారము, కావున సూత్రమొక్కటియే. తండ్రినాటి తుపాకిలో కీలును గడియయు అరిగి, మూసిన పిమ్మటను గొట్టము కదలవచ్చును. లోన తూటా లేదని రెండు మారులు చూచుకొని కదిపి చూడుడు. టకటక వినబడెనా, దానిని మరి కాల్పక, లైసెన్సు గల మరమ్మతుదారునకు చూపవలెను. ఊరి కమ్మరి వద్దకు కొనిపోవలదు. ఆయన నేర్పును కించపరచుట లేదు. నాగటికర్రు ఆయన సాగగొట్టినట్లు ఎవరు సాగగొట్టగలరు? ఆయన కొలిమి దగ్గర ఆ ఉక్కు బిళ్ళలు లేవు, అంతే.