మాట వినబడును, బొమ్మ కనబడదు
(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ దినము నేను మాట్లాడబోవు సంగతి మీకు కొంచెము వింతగా తోచవచ్చును. లాప్‌టాప్‌కు పెద్ద తెర తగిలించి ఇంటర్నెట్ వీడియో చూడబోతారు. లాప్‌టాప్‌లో చక్కగా కనబడిన బొమ్మ ఆ పెద్ద తెర మీద కనబడదు. మాట వినబడుతుంది, పాట వినబడుతుంది, తెర మాత్రము నల్లగా నిలిచిపోతుంది. "ఇదియు ఒక ప్రసంగాంశమేనా?" అని మీలో కొందరు నవ్వుకొనుచుందురు. నవ్వండి, పరవాలేదు, కాని చివరివరకు వినండి.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన సంఘములలో అనేకము మొదటిసారిగా ఆరాధనను ఇంటర్నెట్ ద్వారా ప్రసారము చేసినవి. ఆ ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరును మనలో ఎంతోమందిమి ఇంటిలోని తెర మీదనే చూచితిమి. ఆ దినములు గడిచినవి గాని ఆ అలవాటు నిలిచినది. ఇప్పుడు పెండ్లి, బాప్తిస్మము, భూస్థాపన కూడ యూట్యూబులో ప్రత్యక్షముగా వచ్చుచున్నవి. విదేశములోనున్న కుమారునికి సెలవు దొరకనప్పుడు, ఇక్కడి తల్లికి వీసా రానప్పుడు, ఆ తెరయే దిక్కు. అయితే శుక్లములు వచ్చిన కండ్లకు పదిహేను అంగుళముల లాప్‌టాప్ చాలదు. అందుచేత మనవడు దానికి టీవీయో, మానిటరో తగిలించును. తమ్ముని భూస్థాపన చూడవలెనని కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చున్న అక్కకు ఆ ఘడియలో నల్లని తెర కనబడితే ఎట్లుండును? "తరువాత రికార్డింగు ఉంటుందిలే అమ్మమ్మా" అని మనవడు చెప్పవచ్చును. ఉంటుంది, నిజమే. కాని సమాధిలో పిడికెడు మట్టి వేయు సమయమున తానును వారితో కలిసి ఉండుట వేరు, మరుసటి దినము చూచుట వేరు.

అప్పుడు ఇంటిలో ఏమి జరుగును? మనవనిని కసురుకొందురు. "ముందే చూచుకోవద్దా!" అందురు. మందిరములోనైతే లాప్‌టాప్ దగ్గర కూర్చున్న యౌవనస్థుని వైపు అందరు తిరిగి చూతురు. వాని చేతులు వణుకును. అనేకసార్లు ఆ నల్లని తెరకు వాడు కారకుడు కానే కాడు. అందుకనే ఈ సంగతి ఎట్లు జరుగుచున్నదో పెద్దలు కూడ కొంచెము తెలిసికొనవలెనని నా మనవి.

1978లో విడుదలైన కరుణామయుడు చిత్రమును ఊరూర తెల్లని గుడ్డ కట్టి చూపించిన దినములు మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. ప్రొజెక్టరు వెలుగు గుడ్డ మీద పడినది, బొమ్మ కనబడినది. ఆ గుడ్డను ఎవరును ఏ ప్రశ్నయు అడుగలేదు. ఈనాటి తెరను లాప్‌టాప్ ప్రశ్న అడుగుతుంది. చందా కట్టి చూచే సినిమా మొదలుకాగానే, "నీ యొద్ద సరియైన తాళపుచెవి ఉన్నదా?" అని వైరు గుండా విచారించును. తెర సరిగా జవాబు చెప్పితే బొమ్మను పంపును. చెప్పకపోతే పంపదు. ఈ పని తెలిసినవారు దీనిని హ్యాండ్‌షేక్ అందురు, అనగా చేయి చేయి కలుపుట.

ఈ తాళము పేరు హెచ్‌డీసీపీ. ఇంటెల్ సంస్థ దీనిని తయారు చేయగా 2000వ సంవత్సరములో మొదటి రూపము వెలువడినది. డిజిటల్ వైరులో వెళ్లు బొమ్మను మధ్యలో పట్టుకొని నకలు తీస్తే అది అసలుతో సమానముగా నుండునని సినిమా సంస్థల భయము. అందుకని లాప్‌టాప్ మొదలుకొని తెరవరకు మధ్యనున్న ప్రతి వస్తువును ఈ తాళము ప్రశ్నించును. రెండు టీవీలకు పంచే స్ప్లిటరు గాని, ఒక పిన్నును మరియొక పిన్నుగా మార్చే కన్వర్టరు గాని, వాటిలో ఒక్కటి జవాబు చెప్పకపోయినను తెర నల్లబడును. లేదా ఒక ఎర్రర్ నంబరు కనబడును. లేదా బొమ్మ వచ్చినను మసకగా వచ్చును.

మన మందిరములలో ఇంకను పాత ప్రొజెక్టర్లు ఉన్నవి. వాటికి నీలిరంగు వీజీఏ పిన్ను, పదిహేను సూదులు గలది, ఉండును. అది 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతి. అప్పటికి ఈ తాళము ఎవరి తలంపులోను లేదు, కనుక ఆ వైరుకు జవాబు చెప్పుటకు నోరే లేదు. అట్టి ప్రొజెక్టరు మీద తాళము వేసిన వీడియో రాకపోతే ప్రొజెక్టరు చెడిపోయినదని దానిని పారవేయకండి. పాటల సాహిత్యమునకు, వాక్య పఠనమునకు అది ఇంకను చక్కగా పనికివచ్చును.

ఇక్కడ నా మనస్సులోని మాట ఒకటి చెప్పనివ్వండి. 2010లో ఈ తాళపు మూల రహస్యము బయటపడినది, అది నిజమేనని ఇంటెల్ సంస్థయే ఒప్పుకొన్నది. తరువాత 2013లో 2.2 అను క్రొత్త తాళము వచ్చినది. నెట్‌ఫ్లిక్స్ వంటివారి 4కె బొమ్మకు ఈ క్రొత్త తాళమే కావలెను, గనుక అంతకుముందు కొన్న మంచి మానిటరుకు ఆ స్పష్టత దక్కదు. ఇంత చేసినను దొంగ కాపీలు ఆగినవా? సినిమా విడుదలైన వారములోనే బజారులో తిరుగుచున్నవి. నెలనెలా చందా కట్టే ఇంటివానికే ఈ తాళము అడ్డము వచ్చుచున్నది. ఇది నాకు న్యాయముగా తోచదు. అట్లని పొరుగువాడు పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చిన దొంగ కాపీ పెట్టుకొందుమా? తాళము మొరటుగా ఉన్నదని ఇల్లు దోచుకొనలేము గదా.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. నల్లని తెరకు కారణము ఈ తాళమేనా, మరియొకటా, తెలిసికొనుట ఎట్లు? యూట్యూబులో ఏదైన ఉచితమైన వీడియో, ఒక పాత ఆరాధన గాని పాట గాని, అదే పెద్ద తెర మీద పెట్టి చూడండి. సంఘములు పెట్టు ప్రత్యక్ష ప్రసారములకు సాధారణముగా ఈ తాళము ఉండదు. ఆ పాట చక్కగా కనబడి, చందా కట్టిన సినిమా మాత్రము నల్లగా ఉంటే అది తాళము పని. పాట కూడ కనబడకపోతే తాళమును నిందించకండి, లోపము మరియొక చోట ఉన్నది. ఈ ఒక్క పరీక్ష చేసికొనక క్రొత్త మానిటరుకు వేల రూపాయలు పోసినవారున్నారు.

తాళము పని అయితే మధ్యనున్న కన్వర్టర్లు, స్ప్లిటర్లు తీసివేసి, ఒకే హెచ్‌డీఎంఐ వైరుతో లాప్‌టాప్‌ను తెరకు నేరుగా కలపండి. రెండు తెరల మీద ఒకే బొమ్మ చూపునట్లు పెట్టియుంటే, విండోస్ కీతో పి అక్షరము కలిపి నొక్కి, రెండవ తెర మాత్రమే అనుదానిని ఎంచుకోండి. యూఎస్‌బీ రంధ్రమునుండి తెరకు బొమ్మ పంపే డాకింగ్ డబ్బాలలో డిస్‌ప్లేలింక్ రకమువి ఉన్నవి. ఆపిల్ లాప్‌టాప్‌లో అవి పని చేయుటకు తెరను రికార్డు చేయు అనుమతి అడుగును. ఆ అనుమతి ఇచ్చిన తరువాత తాళము వేసిన వీడియోకు అది నకలు తీయుచున్నట్టే తోచి నల్లబడును. జూమ్‌లో తెరను పంచుకొనుచు సినిమా పెట్టినప్పుడు అవతలివారికి నల్లగా కనబడుటకును సాధారణముగా ఇదే హేతువు.

తాళము కాకపోతే ఇంకను సులభము. పెద్ద తెర మీద ఏమియు రాకపోతే, టీవీ రిమోటులో సరియైన హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకొన్నారా చూడండి, వైరు మార్చి చూడండి. మందిరములో వేదికనుండి వెనుక గోడవరకు లాగిన అతి పొడవైన చౌక వైరు బొమ్మను మధ్యలోనే పోగొట్టును. లాప్‌టాప్‌లోని టైప్-సి రంధ్రములన్నియు బొమ్మను పంపవు, కొన్ని చార్జింగుకు, ఫైళ్లకు మాత్రమే. తెర మీద అన్నియు కనబడి వీడియో ఉండవలసిన పెట్టె ఒక్కటే నల్లగా ఉంటే, క్రోమ్ బ్రౌజరు సెట్టింగులలో సిస్టమ్ అను చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అనునది ఆపి, బ్రౌజరును మూసి మరల తెరవండి. బొమ్మ వచ్చి మాట రాకపోతే, శబ్దము కూడ హెచ్‌డీఎంఐ గుండా స్పీకర్లు లేని మానిటరుకు వెళ్లిపోయినదని అర్థము. కింద మూలనున్న స్పీకరు గుర్తు నొక్కి, శబ్దమును లాప్‌టాప్‌కు తిప్పుకొనవచ్చును.

సంఘపు కాపరులకు, కమిటీ పెద్దలకు ఒక మాట. చందా కట్టిన సినిమా సేవలు సాధారణముగా ఆ ఇంటివారి సొంత వాడుకకే అనుమతించును. మందిరములో రెండు వందలమందికి చూపించుట ఆ చందాలో చేరదు, బొమ్మ వచ్చినను చేరదు. క్రిస్మస్ రాత్రికి సినిమా వేయదలచితే హక్కుదారులను ముందుగా అడగండి. 1979 నాటి జీసస్ చిత్రము తెలుగులో కూడ ఉన్నది, దానిని తీసినవారు ఇంటర్నెట్‌లో ఉచితముగానే చూడనిచ్చుచున్నారు.

ఇక ఆ అక్క సంగతి. భూస్థాపన మధ్యాహ్నము మూడు గంటలకైతే, ఉదయమే అదే కుర్చీ ముందర, అదే వైరుతో, ఆ సంఘమువారి పాత వీడియో ఒకటి పెట్టి చూడండి. కనబడకపోతే సరిచేయుటకు మీకు ఇంకను సమయముండును. మీ టీవీ ఇంటర్నెట్‌తో పని చేసేదైతే లాప్‌టాప్ అవసరమే లేదు. టీవీలోనే యూట్యూబు తెరచి ఆ సంఘము పేరు వెదకండి. వైరు ఉండదు, మధ్యన కన్వర్టరు ఉండదు, చేయి కలుపు పని ఉండదు. అదియు కుదరకపోతే లాప్‌టాప్‌నే ఒక ఎత్తు పీట మీద పెట్టి, ఆమె కండ్లకు దగ్గరగా జరిపి, మనవనిని ప్రక్కన కూర్చుండబెట్టండి. ఎవరు వచ్చినారో, ఎవరు ప్రార్థన చేయుచున్నారో, వాడు మెల్లగా ఆమె చెవిలో చెప్పును.