ముందు చక్రాల తాళం
(పెన్షనర్ల దినోత్సవం నాడు ఇబ్రహీంపట్నంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకంటే వివరంగా చెప్పగలవారు ఈ హాలులో చాలామంది ఉన్నారు. డి.ఎ. సంగతి కార్యదర్శిగారు చెప్పారు. నన్ను మాత్రం "నీ జీపు సంగతి చెప్పవయ్యా" అన్నారు. మన సభ్యుల్లో ముగ్గురు నలుగురి పిల్లలు పొలాల కోసం పాత ఫోర్ వీల్ జీపులు కొన్నారట. వాటి ముందు చక్రాలకు చేతితో తిప్పే హబ్‌లు వేయించాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెబుదామని ఒప్పుకున్నాను.

రంగారెడ్డి జిల్లా ఏర్పడిన 1978లోనే నేను ఉద్యోగంలో చేరాను. 2012లో రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్లూ డ్రైవరుగానే ఉన్నాను. కానీ డివిజను షెడ్డులో మెకానిక్ సెలవు పెడితే పానా పట్టింది కూడా నేనే. ఉపన్యాసం ఇవ్వడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

ముందు హబ్ అంటే ఏమిటో చెబుతాను. ఫోర్ వీల్ జీపులో గేరు కర్ర పక్కన ఇంకో రెండు కర్రలు ఉంటాయి. ఒకటి ముందు ఇరుసుకు ఇంజను బలం అందిస్తుంది. రెండోది జోరు తగ్గించి బలం పెంచుతుంది. మామూలు తారు రోడ్డు మీద ముందు కర్రను తప్పించి వెనక చక్రాలతోనే నడుపుతాం. నడపాలి కూడా. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం పోవు. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు, లోపలి గేర్లు మెలిపడతాయి.

కర్ర తప్పించాం కదా, ముందు ఇరుసు ఊరికే ఉంటుందనుకుంటాం. ఉండదండీ. చక్రానికి, లోపలి షాఫ్టుకు మధ్య ఆరు బోల్టులతో బిగించిన డ్రైవ్ ఫ్లాంజి ఉంటుంది. చక్రం తిరిగితే ఆ ఫ్లాంజి షాఫ్టును తిప్పుతుంది, షాఫ్టు డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది, అది పొడుగు ప్రొపెల్లర్ షాఫ్టును తిప్పుతుంది. ఇక్కడినుంచి సాగరు రోడ్డు పట్టుకుని మాల్ దాకా పోయి వస్తే, అవసరం లేకపోయినా అన్నీ తిరిగి వస్తాయి. క్రాసులు అరుగుతాయి, ఆయిల్ సీళ్లు పోతాయి, స్టీరింగు బరువుగా ఉంటుంది, కింద రొద.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలటరీ జీపులు కొనుక్కున్న అమెరికా రైతులకూ ఇదే ఇబ్బంది. 1948లో సియాటిల్‌లో ఆర్థర్ వార్న్ అనే ఆయన ఈ ఫ్లాంజి స్థానంలో పెట్టే హబ్ తయారుచేశాడు. దాని మీద ఒక బిళ్ల ఉంటుంది. ఒకవైపు తిప్పితే చక్రం, షాఫ్టు కలుస్తాయి. అది లాక్. ఇంకోవైపు తిప్పితే చక్రం తన బేరింగు మీద తాను తిరుగుతుంది, షాఫ్టు కదలదు. అది ఫ్రీ. మనవాళ్లు మారుతి జిప్సీల ముందు చక్రాల మీద చూసే ఉంటారు.

1970లలో అమెరికాలో కొన్ని పెద్ద ట్రక్కులకు నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగే ఏర్పాటు వచ్చింది. పెట్రోలు ధర పెరిగాక వాటికి కూడా చేతి హబ్‌లు వేయించుకున్నారు. అయితే అలాంటి బండికి హబ్ ఒక్కటి మారిస్తే చాలదు, ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి భాగాలు కూడా మార్చాలి. మన పాత జీపులకు ఆ బాధ లేదు.

ఖర్చు విషయం. డీజిలు బాగా మిగులుతుందని షాపువాళ్లు చెబుతారు. నేను నమ్మను. కొద్దిగా మిగులుతుంది, హబ్‌ల ధర దానితో రాబట్టుకోవడం ఈ వయసులో నావల్ల కాదు. లాభమంతా అరుగుదల తగ్గడంలో, స్టీరింగు తేలిక కావడంలో ఉంది. ఏడాదంతా బురదలోనే తిరిగే బండి అయితే ఫ్లాంజే మంచిది, దాన్ని కదపకండి.

ఇక బిగించే పని. నా జీపుకు నేను, మా మనవడు కలిసి ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తిచేశాం. కొనేముందు షాఫ్టు చివర పళ్లు లెక్కపెట్టండి. నా బండికి పది. అన్నిటికీ అంతే ఉండవు. రాణీగంజ్‌కు రెండుసార్లు బస్సెక్కడం కంటే ఒకసారి లెక్కపెట్టడం సులువు. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు జాకీ ఎత్తి, తప్పకుండా స్టాండు పెట్టండి. జాకీని నమ్మి కిందికి దూరవద్దు. మూత ఊడదీసి, షాఫ్టు చివరి సర్క్లిప్ తీసి, ఆరు బోల్టులు విప్పితే ఫ్లాంజి వస్తుంది. ఏళ్ల తరబడి పట్టుకుపోయి ఉంటే కొంచెం మొండికేస్తుంది. సుత్తితో బాదకండి, మెల్లగా కదిలించండి.

ఫ్లాంజి వచ్చాక తొందరపడి కొత్త హబ్ పెట్టేయకూడదు. ఎలాగూ తెరిచాం గనుక బేరింగులు కడిగి చూడాలి. లోపలి నట్టు గట్టిగా బిగించి మళ్లీ కొద్దిగా వదలాలి. చక్రం తేలికగా తిరగాలి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఊగకూడదు. తర్వాత వాషరు, పై నట్టు బిగించి, వాషరు అంచు మడవాలి. బేరింగులకు గ్రీజు నిండుగా కూరాలి. హబ్ లోపల మాత్రం వేలితో పూసినట్టు పలుచగా రాస్తే చాలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను. కొత్త ప్యాకింగు వేసి, హబ్ బిగించి, సర్క్లిప్ పెట్టి, పై బిళ్ల స్క్రూలు బిగిస్తే అయిపోయింది. నెలకోసారి రెండు హబ్‌లూ లాక్ చేసి కొన్ని కిలోమీటర్లు నడపండి, లోపలి గేర్లకు ఆయిలు అందుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఒకవైపు లాకై ఇంకోవైపు ఫ్రీగా ఉంటే సగం బలం వస్తుందనుకుంటారు. రాదు. డిఫరెన్షియల్ గుణం ఏమిటంటే, ఏ పక్క సులువుగా తిరిగితే ఆ పక్కకే తిప్పుడంతా పోతుంది. ఫ్రీగా ఉన్న వైపు షాఫ్టు వట్టిగా గిర్రున తిరుగుతుంది, లాకైన చక్రం కదలదు. అంటే ముందు ఇరుసు మొత్తం లేనట్టే. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు.

1989 వానాకాలం. మా డివిజనుకు ఫోర్ వీల్ జీపు ఒకటే. దానికి ఆ ఎండాకాలంలోనే హబ్‌లు వచ్చాయి, బిగించింది నేనే. మంచాల వైపు ఒక చెరువు కట్ట జారుతోందని రాత్రి కబురొచ్చింది. ట్రైలరులో ఇసుక సంచులు వేసుకుని, ఆఫీసరుగారిని ఎక్కించుకుని బయలుదేరాం. వెంట మస్టర్ రోల్ మీద పనిచేసే క్లీనరు ఉన్నాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, 1986 నుంచీ నాతోనే తిరుగుతున్నాడు. నన్ను అన్నా అనేవాడు.

వాగు దగ్గర ఆపి, కుడి హబ్ నేను తిప్పాను, ఎడమది వాణ్ణి తిప్పమన్నాను. "తిప్పినవా?" అంటే "చివరిదాక తిప్పిన అన్నా" అన్నాడు. వాగు దాటాక ఒండ్రులో జీపు కూర్చుంది. వెనక చక్రాలు గుంత తవ్వుకుంటున్నాయి, ముందువి కదలవు. కట్ట ఇంకా అరకోసు దూరం. ఊరివాళ్లు దీపాలు పట్టుకుని వచ్చి, ఆ సంచులన్నీ నెత్తిన పెట్టుకుని వానలో మోశారు. ఆడవాళ్లు కూడా మోశారు. తెల్లవారేదాకా మోశారు. కట్ట నిలబడింది, వాళ్ల పుణ్యాన.

జీపు ఎందుకు దిగబడిందని ఆఫీసరుగారు అక్కడే అడిగారు. "ఎడమది సరిగా పడినట్టు లేదు సార్" అన్నాను. ఎవరు తిప్పారని అడిగితే చెప్పాను. మర్నాటి మస్టరులో వాడి పేరు లేదు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ఎడమ హబ్ విప్పాను. బిళ్ల పూర్తిగా లాక్ మీదే ఉంది. లోపల మాత్రం జారవలసిన రింగు సగంలో ఆగిపోయి ఉంది. ఎండాకాలంలో నేను బేరింగుకు కూరినట్టే హబ్ లోపల కూడా గ్రీజు కూరాను. చిక్కటి గ్రీజు స్ప్రింగును మింగేసింది. డీజిలుతో కడిగాను, టక్కుమని పడింది. వాడు చివరిదాకా తిప్పాడు. తప్పు నాది.

వెళ్లి చెబితే సరిపోయేది. నాకు పెద్దగా ఏమీ అయ్యేది కాదు, మహా అయితే మెమో. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. వాడు రెండుసార్లు షెడ్డు గేటు దగ్గరికి వచ్చి, "సారుకు చెప్పు అన్నా" అన్నాడు. సరే అన్నాను. చెప్పలేదు. తర్వాత రావడం మానేశాడు.

1994 ఏప్రిల్‌లో జీ.వో. 212 వచ్చింది. అదేమిటో ఇక్కడ ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవారి పేర్లు అడిగారు. ఆ ఉత్తర్వుతో పర్మినెంటు అయి, ఈరోజు ఇక్కడ కూర్చున్నవారు నాకు కనబడుతున్నారు. వాడికి కూడా నిండేవి. నాతో ఉండి ఉంటే 2020లో రిటైరయ్యేవాడు.

ఇదంతా మా ఇంట్లో కూడా చెప్పలేదు. మొన్న హబ్ బిగిస్తూ, మనవడు గ్రీజు డబ్బాలో చెయ్యి పెట్టి దోసెడు తీస్తుంటే గట్టిగా అరిచాను. వాడు బిత్తరపోయి, "ఎందుకు తాతా అంత కోపం?" అన్నాడు. వాడికే మొదట చెప్పాను. వాడే, సభలో చెప్పమన్నాడు.

ఆ మనిషిది మంచాలకు అవతల, రాచకొండ గుట్టల వైపు ఊరు. తర్వాత మిర్యాలగూడలో లారీ మీద ఉన్నాడని ఒకరు, బొంబాయి పోయాడని ఒకరు అన్నారు. నేను ఆ ఊరికి రెండుసార్లు పోయాను, ఇల్లు పడిపోయి ఉంది. పేరు మైకులో చెప్పను. ఆ రోజుల్లో మన డివిజనులో పనిచేసినవారు భోజనాల తర్వాత నా దగ్గరికి వస్తే చెవిలో చెబుతాను. ఈ సంచిక ఇళ్లకు చేరాక చదివినవారికి తోచినా, సంఘం ఆఫీసులో చెబితే నాకు అందుతుంది. ఆయన ఉంటే ఆయనకు, లేకపోతే పిల్లలకు నేను చెప్పవలసింది ఉంది.

జీపు బయట వేపచెట్టు కింద ఉంది. హబ్ చూడాలనుకునే పిల్లలు రండి. ఎడమది మీరే తిప్పండి, తర్వాత బండి ఒక అడుగు కదిపి, చక్రంతో పాటు షాఫ్టు తిరుగుతోందో లేదో కింద వంగి ఎలా చూడాలో చూపిస్తాను. ముందు అన్నం తినండి, చేతులకు గ్రీజు అవుతుంది.