నాదోపాసనకు నెలవు – తంజావూరు



రాజులు ఏలిన నగరములు మన దేశమున ఎన్నియో కలవు. కోటలు కూలిన పిదప వాటిలో అనేకము పేరుకు మాత్రమే మిగిలినవి. తంజావూరు అట్లు కాలేదు. అక్కడ రాజ్యము పోయినను, దాని నీడన పెరిగిన సంగీతము నేటికిని మన ఆలయములలో, మన ఇండ్ల పూజామందిరములలో వినిపించుచున్నది. ఇందుకు కారణమేమో ఈనాడు మనము కొంత విచారించుకొందము.

రాజరాజ చోళ చక్రవర్తి 1010లో ఈ నగరమున బృహదీశ్వరాలయమును పూర్తి చేయించినాడు. మహాలింగమును ప్రతిష్ఠించుటతో ఆయన తృప్తి చెందలేదు. స్వామి సన్నిధిలో తేవారము పాడుటకు 48 మంది గాయకులను, నృత్యసేవకు 400 మంది నర్తకీమణులను నియమించినాడు. ఆ నర్తకీమణులకు ఆలయ సమీపమున ఇండ్లును, ఏటా నూరేసి కలముల ధాన్యమును ఏర్పరచినట్లు ఆలయపు గోడలపైనున్న శాసనములే చెప్పుచున్నవి. గంధపుష్పముల వలెనే గీతనృత్యములును స్వామికి నిత్యోపచారములు. ఉపచారము చేయువారి కడుపు నిండవలెనని ఆ ప్రభువు ఎరిగినాడు.

తరువాత 16వ శతాబ్దిలో విజయనగర ప్రభువుల పక్షమున తెలుగు నాయకరాజులు తంజావూరును ఏలినారు. అచ్యుతప్పనాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబములకు అగ్రహారమిచ్చినాడు. అదియే నేటి మెలట్టూరు. అచట నృసింహ జయంతికి తెలుగు భాగవతమేళ నాటకములను స్వామి ఎదుట ప్రదర్శించుట నేటికిని ఆచారము. రఘునాథనాయకుడు స్వయముగా కవి, వైణికుడు. ఆయన మంత్రి గోవింద దీక్షితుల కుమారుడైన వేంకటమఖి, విజయరాఘవనాయకుని ఆదరమున ‘చతుర్దండీప్రకాశిక’ రచించి 72 మేళములను నిరూపించినాడు. మువ్వగోపాలుని కొలిచిన క్షేత్రయ్య పదములు మ్రోగినదియు ఆ విజయరాఘవుని కొలువులోనే.

1673లో నాయకరాజ్యము అంతరించినది. కొలది యేండ్లకే మరాఠా ప్రభువులు వచ్చినారు. వారి ఇంటి భాష మరాఠీ. ఊరి భాష తమిళము. అయినను షాహాజీ మహారాజు తెలుగున ‘పల్లకీసేవా ప్రబంధము’ రచించి తిరువారూరు త్యాగేశునికి సమర్పించినాడు. నాయకరాజుల నాటి గ్రంథాలయమును శరభోజి మహారాజు ఎంతగానో పెంపు చేసినాడు. అదియే సరస్వతీ మహలు. దేవుని సేవలోను, విద్యాపోషణలోను ఆ ప్రభువులు భాషాభేదము నెంచలేదు.

శ్యామశాస్త్రులు, త్యాగరాజస్వామి, ముత్తుస్వామి దీక్షితులు వెలసినది ఈ మరాఠా ప్రభువుల కాలముననే. ముగ్గురును తిరువారూరున జన్మించినవారే. శ్యామశాస్త్రులు తంజావూరున బంగారు కామాక్షి అమ్మవారి అర్చకులై, ఆ తల్లిని పాడుకొన్నారు. త్యాగరాజస్వామి సమీపముననున్న తిరువయ్యారులో ఉంఛవృత్తితో జీవించినారు. రాజు పిలుపు వచ్చినను, రామసన్నిధిని మించిన నిధి లేదని వెళ్లలేదని సంప్రదాయము చెప్పుచున్నది. ఇందు రాజద్వేషము లేదు. ఆయన గురువైన శొంఠి వేంకటరమణయ్యగారు తంజావూరు ఆస్థాన విద్వాంసులే. ఆస్థానము పోషించిన విద్యనే శిష్యుడు అభ్యసించినాడు. దాని ఫలమును మాత్రము శ్రీరామునికే అర్పించినాడు. చెరువు లేనిదే పైరు లేదు. అయినను ఆ పైరు పండించిన ధాన్యమును నివేదనము చేసినప్పుడే అది ప్రసాదమగును. రాజపోషణ చెరువు వంటిది. భక్తుని సమర్పణము నివేదనము వంటిది. రెండును కలిసినందుననే ఆ సంగీతము నిలిచినది.

1855లో పురుష సంతతి లేక మరాఠా రాజు గతించగా, ఆంగ్లేయులు ఆ రాజ్యమును రద్దు చేసినారు. ఆస్థానము చెదరినను కీర్తన చెదరలేదు. ఏలయన, అది అప్పటికే శిష్యుల కంఠములను చేరినది. సౌరాష్ట్ర భాష మాట్లాడు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు గురువుగారి కృతులను వ్రాసి భద్రపరచినారు. తమిళము మాట్లాడు ఉమయాళ్పురము, తిల్లస్థానము శిష్యులు వానిని తరతరములకు అందించినారు. దేవదాసీ పరంపరలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొత్తును వెచ్చించి, 1925 నాటికి త్యాగరాజస్వామి సమాధి వద్ద మందిరము కట్టించినారు. నాడు రాజు ధాన్యము కొలిచి ఇచ్చి నాట్యసేవ నిలిపినాడు. అట్టి సేవకుల పరంపరలోని స్త్రీ తన సర్వస్వమునిచ్చి గానయోగికి గుడి కట్టినది.

మహాశయులారా! తెలుగు మాతృభాష కానివారు తెలుగు కీర్తనను కన్నబిడ్డవలె కాపాడినారు. ఆ భాషలో పుట్టిన మనము ఏమి చేయుచున్నాము? మన పిల్లలకు ఒక కృతియైనను అర్థముతో వచ్చునా? గుడిలో యంత్రము పాడుచుండగా, పాడనేర్చిన మనిషి ద్వారము వెలుపల నిలువవలసి వచ్చుచున్నదా? ఈ ప్రశ్నలు ఒకరిని నిందించుటకు కావు. మనలను మనము అడుగుకొనుటకు.

మనము చేయదగినది కష్టమైనది కాదు. వారమునకు ఒక దినము ఇంటిల్లిపాదియు దీపము ఎదుట కూర్చుండి ఒక్క కీర్తన పాడుకొందము. దాని అర్థమును పెద్దలు పిన్నలకు చెప్పవలెను. గొంతు బాగుగ లేదని సంకోచింపవలదు. భగవంతుడు చూచునది భావమునే. ఊరి ఆలయమున పాడువారికి, నాదస్వరము వాయించువారికి ఉత్సవ దినములలోనే కాక ఏడాది పొడుగునను గ్రాసము జరుగునట్లు చూచెదము. రాజరాజు శాసనము మనకు నేర్పు ధర్మమిదియే. త్యాగరాజస్వామి జీవితము నేర్పు ధర్మము, పాడినదానిని భగవంతునికే అర్పించుట.

రాజులు లేని ఈ కాలమున ఆలయమునకు పోషకులు భక్తులే. నాదరూపుడైన పరమేశ్వరుడు మనకు ఆ బుద్ధిని, ఆ శక్తిని అనుగ్రహించుగాక!

స్వస్తి.