పూలవర్తకమున పోటీ: మన కర్తవ్యము

  

 విద్యను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. మేము మన కూటికి సంబంధించిన సంగతిని, అనగా పూలవర్తకమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

మన తాతలకాలమున పూలబేరము తెల్లవారుజామున మొదలై ప్రొద్దుగ్రుంకులోపల ముగిసెడిది. కోసిన మల్లె మఱునాటికి నిలువదు. కావున దూరదేశపువాడు మనతో పోటీకి రాజాలకుండెను. పూవు వాడిపోవుటయే మనకు పెట్టనికోట.

ఆ కోట నేడు చాలవఱకు కూలినది. చల్లని గిడ్డంగియు, విమానమును దానిని కూల్చినవి. గులాబిని కోసినవెంటనే నీట నిలిపి, 2 మొదలు 4 డిగ్రీల చలువలో నుంచినచో దినములతరబడి చెడదు. ఆఫ్రికాలోని కెన్యాదేశమున నైవాషా సరస్సుచెంత కోసిన గులాబులు విమానములెక్కి ఐరోపాకు పోవుచున్నవి. 1991లో అమెరికావారు కొలంబియా మున్నగు ఆండీసుపర్వత దేశముల సరకులనేకములకు సుంకము తీసివేయుచు చట్టము చేసిరి. బొగోటా మైదానము సముద్రమట్టమునకు 2,600 మీటర్ల యెత్తున నుండుటచే అచట ఏడాదిపొడుగునను చల్లని వాతావరణమే, కూలియు తక్కువ. ఆ పూలు వచ్చిపడగా అమెరికాలో గులాబితోటలవారు పలువురు తోటలు మూసికొనిరి. వారు సోమరులు కారు. పని తెలియనివారును కారు. మార్పును గుర్తించి కూడబలుకుకొనునంతలో బేరము చేయిజారినది.

ఇది పరాయిదేశపుకథ యనుకొనరాదు. హైదరాబాదులోని గుడిమల్కాపురము బజారునకు పోయి చూడుడు. బెంగుళూరు, హోసూరు ప్రాంతముల గులాబులును, చేవెళ్లవైపు పాలీహౌసులలో పెరిగిన జెర్బెరాలును కట్టలుకట్టలుగా దిగుచున్నవి. బంతి, చామంతి తోరణములతో తీరిన పెండ్లిపందిళ్లు నేడు కాడపూలను కోరుచున్నవి. అంతకన్న కఠినమైన పోటీ ప్లాస్టిక్ పూలది. అది వాడదు, అద్దెకును దొరకును. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్ని మనదేశమున నిషేధింపబడినవి. ఆ పట్టికలో అలంకారపు థర్మోకోలు కలదుగాని ప్లాస్టిక్ పూవు లేదు.

పరులననుటకు ముందు మన తప్పులను మనమొప్పుకొందము. క్రింద నిన్నటి పూలుంచి పైన నేటి పూలు పఱచుట మనలో లేదా? మూర కొలుచునపుడు మోచేయి ముడిచినవారు లేరా? ప్రక్క దుకాణమువానిని పడగొట్టుటకై నష్టమునకమ్మి, ఆ నష్టమును తోటరైతు నెత్తిన రుద్దినవారు లేరా? దళారియొద్ద ముందుగా సొమ్ము తీసికొని, అతడు చెప్పినదే ధరయని తలయూచు రైతులు మన కుటుంబములలోనే కలరు.

హాలండుదేశమున ఆల్స్‌మేరు అను గ్రామపు తోటవారును ఇట్టి దళారులచేతులలోనే నలిగిరి. వారు 1911-12 ప్రాంతమున తమ సొంత సహకార వేలములను రెండింటిని స్థాపించుకొనిరి. గడియారమువంటి పలకమీద ధర పైనుండి క్రిందికి దిగుచుండును. ముందుగా మీటనొక్కినవానిది సరకు. ధర చెవిలో గాక అందఱి కన్నులయెదుట తేలును. ఒక్క యూరిలోనే పోటీపడిన ఆ రెండు సంస్థలును 1968లో ఒకటైనవి. పిమ్మట ఆ యూరు ప్రపంచపు పూలవర్తకమునకు పెద్ద కూడలియైనది. చిన్నవారు కలిసినందుననే పెద్దవారైరి.

కావున మేము మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది, బజారుచెంత మనవారందఱును పాలుపంచుకొనునట్లు ఒక చిన్న చలువగది కట్టింపవలెను. రెండవది, కాడపొడవునుబట్టి, విచ్చుబాటునుబట్టి తరగతులేర్పఱచి, మన సంఘముద్ర గల కట్టలో మోసముండదన్న పేరు తేవలెను. మూడవది, మల్లె, కనకాంబరము, మరువము చేతితో కట్టవలసినవి, నాడే అమ్మవలసినవి. అచట మన కోట ఇంకను నిలిచియున్నది. ఆ కోటను కాచుచున్నది దీపము వెలుగున దండలు గ్రుచ్చు మన తల్లులు, అక్కచెల్లెండ్రు. వారి కూలి పెంపక, వారి బిడ్డలు వృత్తి విడిచిపోవుచున్నారని వగచుట మనకు తగదు.

పోషకమహాశయులకొక్క మాట. ప్రతివర్షము సన్మానములకగు వ్యయములో కొంత తగ్గించినను చలువగదికి పునాది పడును. మమ్ములను మన్నింపుడు, ఈ వేదికను చూడుడు. మన వెనుక వ్రేలాడు తోరణములలో సగము ప్లాస్టిక్ పూలే. పూలవారి సభకే పూవు అక్కఱ లేనిచో లోకమునకేల యుండును? వచ్చు సంవత్సరము ఈ వేదికమీద మన తోటలపూలే, మన స్త్రీలు కట్టిన దండలే యుండునట్లు తీర్మానింపుడు. అదియే మాకు చాలిన సన్మానము.